పగ తీర్చుకోవడం, ఉసురు పోసుకోవడం: ప్రతీకారార్థక పదాల అర్థచరిత్ర - 'యజ్ఞం' కథకు అన్వయం

వ్యాససంగ్రహం

తెలుగులో పగ, కక్ష, కసి, ప్రతీకారం అనే మాటలను పర్యాయపదాలుగా వాడటం పరిపాటి. వ్యుత్పత్తి, అర్థపరిణామం, క్రియాపద సాహచర్యం అనే మూడు ప్రమాణాలతో పరిశీలిస్తే ఇవి వేర్వేరు భావాలను చెబుతాయని తేలుతుంది. 'పగ తీర్చుకొను' అనే పదబంధంలోని 'తీర్చు' ధాతువు అప్పుకూ న్యాయనిర్ణయానికీ చెందినది. 'ఉసురు పోసుకొను' అనే పదబంధం దీనికి ఎదురుగా నిలిచి, బలహీనుడి పక్షాన భాష చేసే మరొక నిర్మాణం. ఈ భేదాన్ని శ్రీకాకుళం జిల్లా జీవితం నుంచి వచ్చిన కాళీపట్నం రామారావు 'యజ్ఞం' కథకు అన్వయించి, ఆ కథ ముగింపును 'ప్రతీకారం' అనడం ఎంతవరకు సముచితమో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ముఖ్యపదాలు: పగ, ప్రతీకారం, తీర్పు, ఋణం, ఉసురు, అర్థవిపరిణామం, యజ్ఞం, ఉద్దానం.

1. ఉపోద్ఘాతం

ఒక సమాజం అన్యాయాన్ని ఎలా అర్థం చేసుకుంటుందో తెలియాలంటే, అన్యాయం జరిగిన తరువాత ఆ సమాజం ఏ క్రియాపదాలు వాడుతుందో చూడాలి. నిఘంటువులు 'పగ' అనే మాటకు వైరం, విరోధం, శత్రుత్వం అని అర్థాలిస్తాయి. పత్రికాభాషలో 'పగతో హత్య', 'కక్షతో హత్య', 'ప్రతీకార హత్య' అనే శీర్షికలు ఒకదాని స్థానంలో మరొకటి వస్తుంటాయి. వార్తకు ఈ సడలింపు వల్ల పెద్ద నష్టం లేదు. సాహిత్య విమర్శకు మాత్రం ఉంది. ఒక పాత్ర చేసిన పనికి పెట్టే పేరే ఆ పాత్రమీద చెప్పే తీర్పు అవుతుంది.

ఈ చర్చకు నౌపడ, టెక్కలి, పలాస, ఉద్దానం ప్రాంతం రెండు కారణాలవల్ల తగిన భూమిక. మొదటిది భాషాపరమైనది. ఉప్పుమడులకు పేరుపొందిన నౌపడ నుంచి 1900లోనే పర్లాకిమిడికి చిన్న రైలుమార్గం ఏర్పడింది. తెలుగు, ఒడియా మాటలు కలిసి ప్రయాణించే సరిహద్దు నేల ఇది. వ్యావహారిక భాషకోసం పోరాడిన గిడుగు రామమూర్తి పనిచేసిన పర్లాకిమిడి ఈ దారిలోనిదే. రెండవది చారిత్రకమైనది. భూమి, అడవి, అప్పు అనే మూడింటి చుట్టూ ఇరవయ్యో శతాబ్దంలో ఈ జిల్లాలో జరిగిన సంఘర్షణలు తీర్పుకూ పగకూ మధ్య ఉన్న దూరాన్ని పదేపదే ముందుకు తెచ్చాయి.

2. పగ: ఒక పగులు

'పగ' దేశ్యపదం. తమిళంలో 'పకై', మలయాళంలో 'పక', ప్రాచీన కన్నడంలో 'పగె', ఆధునిక కన్నడంలో 'హగె' దీనికి సజాతి పదాలు. పదాది పకారం కన్నడంలో హకారం కావడం ప్రసిద్ధమైన ధ్వనిపరిణామమే. తమిళంలో 'పకు' అనే ధాతువుకు చీలు, విడిపోవు, భాగమగు అని అర్థాలు. తెలుగులోని 'పగులు' క్రియ ఈ కుటుంబానికే చెందుతుంది. అంటే మూలార్థంలో పగ ఒక చీలిక. ఒకటిగా ఉన్నది రెండైన స్థితి.

ఈ మూలార్థం నేటి వాడుకలోనూ పూర్తిగా చెరిగిపోలేదు. పగ పనిని చెప్పే మాట కాదు, స్థితిని చెప్పే మాట. పగ 'ఉంటుంది', 'పెరుగుతుంది', 'రగులుతుంది'. మనిషి పగ 'పడతాడు', 'పెంచుకొంటాడు'. తిక్కన ఉద్యోగపర్వంలో పగతో బతకడాన్ని పామున్న ఇంట్లో కాపురంతో పోల్చడం ఈ స్థితివాచకత్వానికి చక్కని నిదర్శనం. ఆ పోలికలో భయపెట్టేది కాటు కాదు, కాటు కోసం ఎదురుచూస్తూ గడిపే కాలం. 'పాముపగ' అనే జనవ్యవహారంలోనూ ప్రధానమైనది ఈ కాలదైర్ఘ్యమే.

పగకు ఎదుటిమనిషి కావాలి. గతం కావాలి. పూర్వకావ్యాలలోని 'పగతుఁడు', నేటి 'పగవాడు' అనే పదాలు ఆ ఎదుటిమనిషిని సూచిస్తాయి. 'ఈ కష్టం పగవాడిక్కూడా రాకూడదు' అనే నానుడిలో పగవాడు మనిషితనపు పరిధికి బయటివాడు కాడు. పగిలిన కుండలో రెండవ ముక్కవంటివాడు.

3. కక్ష, కసి, వైరం, ప్రతీకారం

పగకు పర్యాయంగా వాడే మాటలలో 'కక్ష' సంస్కృత పదం. నడికట్టు, పక్షం మొదలైన అర్థాలనుంచి ఇది తెలుగులో పట్టుదలతో కూడిన విరోధమనే అర్థానికి వచ్చింది. న్యాయస్థాన వ్యవహారంలోని కక్షి, ప్రతికక్షి, కక్షిదారు అనే పదాలు దీని బంధువులే. కాబట్టి కక్షలో పక్షం ఉంటుంది. ఊరు రెండుగా నిలబడితే అవి 'కక్షలు' అవుతాయి. ఈ మాటకు బహువచనం సహజం. 'కక్ష కట్టు' అనే క్రియలో నడుం బిగించడమనే పాత అర్థం ఇంకా వినిపిస్తుంది. 'కక్ష సాధింపు' అనే వాడుకలో అధికారం చేతిలో ఉన్నవాడి పని స్ఫురిస్తుంది.

'కసి' స్వభావం వేరు. 'కసిగా చదివాడు', 'కసితీరా తిట్టాడు' అనవచ్చు. 'పగగా చదివాడు' అనడం కుదరదు. కసి శరీరానికి దగ్గరైన ఉద్వేగం. దానికి పాత చరిత్ర అవసరం లేదు. ఎదుట మనిషి కూడా తప్పనిసరి కాదు, ఓటమిమీదా పేదరికంమీదా కూడా కసి పుడుతుంది.

'వైరం' సంస్కృతంలో 'వీర' శబ్దంనుంచి ఏర్పడింది. వీరుడికి, అంటే మనిషికి, సంబంధించినది వైరం. వైదిక వాఙ్మయంలో 'వైరదేయం' అనే మాట చంపిన మనిషికి బదులుగా చెల్లించే పరిహారాన్ని సూచిస్తుంది. శత్రుత్వానికీ చెల్లింపుకూ మధ్య సంబంధం అంత ప్రాచీనమైనది.

'ప్రతీకారం' చరిత్ర మరీ ఆసక్తికరం. ప్రతి ఉపసర్గతో కృ ధాతువునుంచి ఏర్పడిన ఈ పదానికి ప్రతికార, ప్రతీకార అనే రెండు రూపాలున్నాయి. ఉపసర్గాంతంలోని అచ్చు కొన్నిచోట్ల దీర్ఘం కావడాన్ని పాణిని ఒక సూత్రంలో (6.3.122) చెప్పాడు. సంస్కృతంలో దీని అర్థపరిధి విశాలం. ఎదురుచర్య, నివారణోపాయం, ఆయుర్వేదంలో రోగానికి చికిత్స, ఇవన్నీ ప్రతీకారమే. వ్యాధికి చేసేదీ, శత్రువుకు చేసేదీ ఒకే పేరుతో పిలిచిన మాట తెలుగు వాడుకలో క్రమంగా రెండవ అర్థానికే పరిమితమైంది. ఇది అర్థసంకోచం. ఈ సంకోచంలో పోయినది చికిత్స, మిగిలినది దెబ్బ.

పగ స్థితిని, కక్ష పక్షాన్ని, కసి ఉద్వేగాన్ని, ప్రతీకారం చర్యను చెబుతాయి. ప్రతీకారానికి ఒక దిశ కూడా తప్పనిసరి. దెబ్బ ఎటునుంచి వచ్చిందో అటే తిరిగి పోవాలి. ఈ చివరి లక్షణం 'యజ్ఞం' చర్చలో కీలకమవుతుంది.

4. తీర్చుకొను: అప్పుకూ తీర్పుకూ ఒకే ధాతువు

తెలుగులో పగ 'చేయరు'. పగ 'తీర్చుకొంటారు'. ఈ క్రియే అసలు పరిశీలించవలసినది. 'తీరు' అంటే ముగియు, పూర్తియగు. అప్పు తీరుతుంది, దాహం తీరుతుంది, మొక్కు తీరుతుంది, ముచ్చట తీరుతుంది. దీనికి ప్రేరణరూపం 'తీర్చు'. దీనినుంచి వచ్చిన నామం 'తీర్పు'. తమిళంలోనూ కన్నడంలోనూ ఇదే ధాతువు న్యాయనిర్ణయవాచకాన్ని ఇచ్చింది. కన్నడంలో ప్రతీకారానికి వాడే 'సేడు తీరిసికొళ్ళు' అనే పదబంధంలోనూ ఇదే క్రియ ఉంది. కాబట్టి ఇది తెలుగుకు మాత్రమే పరిమితమైన విశేషం కాదు. దక్షిణభారత భాషలలో లోతుగా నాటుకొన్న ఆలోచన.

'తగవు తీర్చు' అనే పదబంధాన్ని 'పగ తీర్చుకొను' పక్కన పెట్టి చూడాలి. 'తగు' ధాతువునుంచి వచ్చిన 'తగవు' మొదట ఔచిత్యం, న్యాయం. ఆ తరువాత న్యాయం కోరే వివాదం. తగవు తీర్చేవాడు మూడవ మనిషి. ఇరుపక్షాలకూ బయట నిలిచి తీరుస్తాడు, అందువల్ల అక్కడ 'కొను' చేరదు. పగ విషయంలో అలా తీర్చే మూడవ మనిషి లేడు. ఉన్నా అతనిమీద నమ్మకం లేదు. అప్పుడు ఆత్మార్థకమైన 'కొను' చేరుతుంది. బాధితుడే తనకుతాను తీర్చు-కొంటాడు. రెండు పదబంధాలకూ మధ్య కనిపించే వ్యాకరణ భేదం ఇంతే. సామాజికంగా అది చాలా పెద్ద భేదం. న్యాయపీఠం ఖాళీగా ఉన్నచోటే 'కొను' వచ్చి కూర్చొంటుంది.

ఇక్కడ మరొక చిక్కు ఉంది. అప్పు తీర్చవలసినవాడు బాకీదారు. అన్యాయం పొందినవాడు లెక్కప్రకారం బాకీ రావలసినవాడు. అతడు 'వసూలు' చేసుకోవాలి. కాని భాష అతనిచేత 'తీర్చుకొనే' పని చేయిస్తుంది. 'తల్లి ఋణం తీర్చుకొను' అన్నప్పుడు కనిపించే బాధ్యతే 'తండ్రిని చంపినవాడిమీద పగ తీర్చుకొను' అన్నప్పుడూ కనిపిస్తుంది. పగ తీర్చుకొనేవాడు శత్రువుకు బాకీ లేడు, చనిపోయిన తనవారికి బాకీ ఉన్నాడు. 'తీరని ఋణం', 'తీరని పగ' అనే రెండు వాడుకలలో ఒకే విశేషణం నిలవడం యాదృచ్ఛికం కాదు.

సరిహద్దు భాష ఈ నిర్ణయాన్ని బలపరుస్తుంది. ఒడియాలో ప్రతీకారాన్ని 'ప్రతిశోధ' అంటారు. శోధ అనే మాటకు చెల్లింపు అనే అర్థం ఉంది. అప్పు తీర్చడానికి ఒడియాలో వాడే క్రియ 'శుఝిబా'. హిందీ, ఉర్దూలలో ప్రతీకారాన్ని చెప్పే 'బదలా', తెలుగులోని 'బదులు' అరబ్బీ మూలంనుంచి వచ్చినవి. తెలుగులో బదులు జవాబు కూడా, చేతి అప్పు కూడా. 'చేబదులు' అడిగే నోటితోనే 'బదులు తీర్చుకొంటాను' అని అనగలగడం తెలుగులో సాధ్యం. నౌపడ చుట్టుపక్కల కలిసే భాషలు వేర్వేరు కుటుంబాలకు చెందినా, పగను అప్పులెక్కగా భావించడంలో ఏకమవుతున్నాయి.

5. ఉసురు: కర్త మారిన వాక్యం

పగ తీర్చుకోవడానికి బలం కావాలి. అది లేనివాడి సంగతేమిటి? ఈ ప్రశ్నకు తెలుగు ఇచ్చిన సమాధానం 'ఉసురు'. ఉసురు అంటే ఊపిరి, ప్రాణం. తమిళ 'ఉయిర్', కన్నడ 'ఉసిరు' దీని సజాతులు. 'పేదవాడి ఉసురు తగులుతుంది', 'ఆడపిల్ల ఉసురు పోసుకొన్నాడు' అనే వాడుకలు తెలుగునాట అంతటా ఉన్నాయి.

'పగ తీర్చుకొను' వాక్యంలో కర్త బాధితుడు. 'ఉసురు పోసుకొను' వాక్యంలో కర్త అన్యాయం చేసినవాడు. బాధితుడు ఏమీ చేయడు, చేయలేడు. అతని ప్రాణం, అతని నిట్టూర్పు చేసినవాడిమీదనే పడుతుంది. 'కొను' ఇక్కడా ఉంది, కాని ఆ ఫలితం అనుభవించేవాడు మారాడు. తమిళంలో ప్రతీకారాన్ని చెప్పే 'పళి వాంగు' అనే పదబంధంలోని 'పళి' నిందనూ దోషాన్నీ సూచిస్తుంది. దోషం ఎవరి తలమీద నిలుస్తుందన్నదే అక్కడా ప్రధానం.

దీన్ని మూఢనమ్మకమని కొట్టివేస్తే పదం చేస్తున్న పని కనబడదు. తగవు తీర్చేవాడు లేనప్పుడు, పగ తీర్చుకొనే శక్తి లేనప్పుడు, నేరం ఎవరిదో చెప్పే బాధ్యతను భాష తనమీద వేసుకొంది. తగవు తీర్చు, పగ తీర్చుకొను, ఉసురు పోసుకొను అనే మూడు నిర్మాణాలలో కర్త వరుసగా మూడవ మనిషి, బాధితుడు, దోషి. ఎవరికి ఏ వాక్యం దక్కుతుందో నిర్ణయించేది బలాబలాలే.

6. 'యజ్ఞం' ముగింపు: ఏ మాట సరిపోతుంది?

1960ల నడుమ వెలువడిన కాళీపట్నం రామారావు 'యజ్ఞం' కథలోని వివాదం అప్పు. సుందరపాలెంలో గోపన్నకు అప్పల్రాముడు బాకీ. ఊరి పెద్ద శ్రీరాములునాయుడు. తగవు పంచాయితీకి వస్తుంది. వాదాలు సాగుతాయి. అప్పు ఎలా పుట్టింది, ఎలా పెరిగింది, ఆ కాలంలో ఊరు ఎలా 'బాగుపడింది' అనే చరిత్ర బయటపడుతుంది. చివరకు తీర్చవలసిందేనని తేలుతుంది. తీరిస్తే ఉన్న భూమి పోతుంది, పిల్లలు కంబారీలవుతారు. అప్పల్రాముడి కొడుకు సీతారాముడు తన పసికొడుకును చంపి పంచాయితీ ముందుకు తెస్తాడు.

ఈ ముగింపు తెలుగు విమర్శలో ఎంతో చర్చకు కారణమైంది. కొందరికి అది అసహజం, కొందరికి అనివార్యం. రెండు వాదాలలోనూ ఆ చర్యను 'ప్రతీకారం', 'తిరుగుబాటు', 'నిరసన' అనే మాటలతో సూచించడం కనిపిస్తుంది. పై విశ్లేషణ వెలుగులో 'ప్రతీకారం' ఇక్కడ నిలవదు. ప్రతీకారానికి దిశ ఉండాలి. సీతారాముడి కత్తి గోపన్నవైపు పోలేదు, నాయుడివైపు పోలేదు. 'కక్ష' నిలవదు. అతనికి పక్షమే లేదు, తండ్రి సైతం తీర్పుకు తలవంచాడు. 'కసి' పాక్షికంగా నిలుస్తుంది, కాని కసితీరా చేసిన పనిలో ఉండే తృప్తి ఇక్కడ లేదు.

కథ నడిచేదంతా 'తీర్చు' చుట్టూనే. పంచాయితీ తగవు 'తీర్చింది'. ఆ 'తీర్పు' సారాంశం అప్పు 'తీర్చాలి' అని. నాయుడి వాదంలో ఆ మూడూ ఒకటే: అప్పు తీరితే తగవు తీరినట్టు, తగవు తీరితే ధర్మం నిలిచినట్టు. సీతారాముడు ఈ సమీకరణాన్ని పగులగొడతాడు. అప్పును వారసత్వంగా మోయవలసిన మనిషినే లేకుండా చేస్తాడు. ఇది తీర్చడం కాదు, తీర్చుకోవడమూ కాదు. తీర్చే తరాన్ని తెంచడం.

కథ పేరు ఇక్కడ కొత్త అర్థం పొందుతుంది. తైత్తిరీయ సంహిత ప్రకారం బ్రాహ్మణుడు పుట్టుకతోనే మూడు ఋణాలతో పుడతాడు. ఋషిఋణం అధ్యయనంతోను, దేవఋణం యజ్ఞంతోను, పితృఋణం సంతానంతోను తీరుతాయి. వైదిక భావనలో కొడుకు ఋణవిముక్తి సాధనం. సుందరపాలెంలో కొడుకు ఋణబంధన సాధనం. అతడు పుట్టడమంటే బాకీకి మరొక తరం దొరకడం. సీతారాముడి చర్య ఆ శాస్త్రీయ సమీకరణాన్ని తలకిందులు చేస్తుంది. యజ్ఞమూ సంతానమూ ఋణాన్ని తీర్చేచోట, ఇక్కడ సంతానమే యజ్ఞపశువైంది.

కాబట్టి ఈ ముగింపుకు తెలుగులో అతిదగ్గరి పదబంధం 'ఉసురు పోసుకొను'. శవాన్ని పంచాయితీ ముందుకు తేవడంలోని అర్థం అదే. చంపినది సీతారాముడే, కాని వాక్యంలో కర్తస్థానం పంచాయితీకి చెందుతుంది. ఆ పసివాడి ఉసురు పోసుకొన్నది తీర్పు చెప్పినవారు. అయితే రామారావు ఈ భావనను ఉన్నదున్నట్టు తీసుకోలేదు. సంప్రదాయంలో ఉసురు కంటికి కనబడదు, ఎప్పుడో తగులుతుంది. కథలో అది అక్కడే, అప్పుడే, అందరి కళ్ళముందు నిలుస్తుంది. పరలోకానికి వాయిదా వేసిన నేరారోపణ పంచాయితీలోకి వచ్చింది.

దీనికి ఒక ఆక్షేపం చెప్పవచ్చు. ఉసురు అనే భావన బలహీనుడి నిస్సహాయతను పవిత్రం చేస్తుందని, చనిపోయినది నోరులేని పసివాడని, అతని పక్షాన ఎవరు మాట్లాడాలని ప్రశ్నించవచ్చు. ఈ ఆక్షేపం బలమైనది. కథ దానికి జవాబివ్వదు, ఇవ్వకపోవడమే దాని నిజాయితీ. సీతారాముడు నిర్దోషి అని కథ ఎక్కడా చెప్పదు. దోషంలో మిగిలినవారి వాటా ఎంతో లెక్కవేయమంటుంది.

7. తీర్పు, పగ, నేల జ్ఞాపకం

'తీర్పు ఇవ్వడం' వేరు, 'తీరడం' వేరు అనే అనుభవం ఈ జిల్లాకు కథలలోనే కాదు, చరిత్రలోనూ ఉంది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే గిరిజనులు హతులయ్యారు. ఆ కేసులో నిందితులు న్యాయస్థానంలో విడుదలయ్యారు. 1968 చివరికి ఉద్యమం సాయుధరూపం దాల్చి ఉద్దానం పల్లెలను తాకింది. బొడ్డపాడుకు చెందిన కవి, కళాకారుడు సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో ప్రాణం కోల్పోయాడు. ఈ దశలో విప్లవ సాహిత్య పరిభాష ఎంచుకొన్న మాట 'వర్గకసి'. 'వర్గపగ' అనలేదు. పగకు కుటుంబం, పేరు, గతం కావాలి. అది తీరితే ముగుస్తుంది. కసికి అవి అక్కర్లేదు, అందువల్ల అది వర్గం వంటి విశాలమైన భావనకు అతకగలిగింది. కాని ఆ సౌలభ్యంలోనే నష్టమూ ఉంది. పగలో ఉన్న 'తీరడం' అనే హద్దు కసిలో అంత స్పష్టంగా లేదు.

దీనికి భిన్నమైన ఉదాహరణ మందసా. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. కొద్దిరోజులకే, ఏప్రిల్ 1న, మందసా జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులకు సాసుమాను గున్నమ్మ బలైంది. జనం ఆమెను 'వీరగున్నమ్మ'గా గుర్తుంచుకొన్నారు. వీర, వైర శబ్దాలు ఒకే మూలంనుంచి వచ్చినవని పైన చూడటమైంది. ఆ రెండింటిలో జనస్మృతి నిలుపుకొన్నది మొదటిది. చంపినవారి పేరుకు వైరం చేర్చడంకంటే, చనిపోయినామె పేరుకు వీరం చేర్చడం ఆ నేలకు ముఖ్యమైంది. బాకీని చెల్లించే మరొక పద్ధతి ఇది. ఋణం తీర్చుకోవడంలో తలచుకోవడం కూడా ఒక భాగం.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. 'పగ' మూలార్థంలో చీలిక. అది స్థితివాచకం, చర్యావాచకం కాదు. ప్రతీకారం చర్యావాచకం. ఈ రెండింటినీ పర్యాయాలుగా గ్రహించడం అర్థస్పష్టతకు భంగకరం.

2. 'ప్రతీకారం' తెలుగులో అర్థసంకోచం పొందింది. చికిత్స, నివారణ అనే అర్థాలు వాడుకలో మరుగున పడ్డాయి.

3. 'పగ తీర్చుకొను', 'అప్పు తీర్చు', 'తీర్పు' ఒకే ధాతువు నుంచి రావడం, ఒడియా 'ప్రతిశోధ' లోనూ చెల్లింపు అర్థం ఉండటం, ఈ ప్రాంత భాషలలో పగను ఋణంగా భావించే ఆలోచనకు సాక్ష్యం.

4. తగవు తీర్చు, పగ తీర్చుకొను, ఉసురు పోసుకొను అనే మూడు నిర్మాణాలలో కర్త మారడం సామాజిక బలాబలాలకు వ్యాకరణ రూపం.

5. 'యజ్ఞం' ముగింపు ప్రతీకారం కాదు. తీర్పు చెప్పినవారిని దోషస్థానంలో నిలిపే 'ఉసురు' భావనకు అది ఆధునిక కథారూపం.

ఒక కథలోని హత్యకు సరైన మాట వెతకడం కేవలం నిఘంటువు పని కాదు. 'ప్రతీకారం' అంటే చూపు సీతారాముడి దగ్గర ఆగిపోతుంది. 'ఉసురు' అంటే చూపు పంచాయితీలో కూర్చొన్న ప్రతి ఒక్కరి మీదుగా నడిచి, ఆ తీర్పు న్యాయంగానే ఉందని మొదట తలూపిన పాఠకుడిదాకా వస్తుంది.